ఇంటికి వచ్చిన బడి



బడి అంటే ఏమిటని అడిగితే మీరేం చెబుతారు? గది, బల్లలు, గోడకు నల్లబల్ల, గంట, చేతిలో సుద్దముక్కతో మాష్టారు. ఇవే గదా! ఇవేమీ లేని బడి ఒకటున్నది. అందులో చదివే పిల్లలు రోజూ బడికి పోనక్కరలేదు. బడే గాలిలో తేలి వాళ్ల ఇంటికి వస్తుంది. ఈ నెల ఆ బడి సంగతి చెబుతాను, వినండి.

ఆస్ట్రేలియా ఖండం నడిమి భాగమంతా ఎర్రమట్టి నేల. అక్కడ వానలు బహు తక్కువ. పశువుల మందలను పెంచుకుని బతికే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. గడ్డి పలచన కాబట్టి ఒక్కొక్క మంద మేయటానికి ఎంతో నేల కావాలి. అందుచేత ఇంటికీ ఇంటికీ మధ్య వంద కిలోమీటర్లున్నా ఆశ్చర్యం లేదు. అటువంటి చోట పదిమంది పిల్లలను పోగుచేసి బడి పెట్టటం ఎలా? పూర్వం అక్కడి పిల్లలకు పాఠాలు టపాలో వచ్చేవి. జవాబులు రాసి పంపితే, దిద్దిన కాగితాలు తిరిగి రావటానికి వారాలు పట్టేది. చదువు సాగేది గాని, మాష్టారి గొంతు ఎలా ఉంటుందో పిల్లవాడు ఎరగడు. తోటి పిల్లలతో కలిసి చదవటమూ ఎరగడు.

అయితే ఆ ఇళ్లలో చాలావాటికి ఒక వింత వస్తువు ఉండేది. 1928లో జాన్ ఫ్లిన్ అనే ఆయన, డాక్టరు విమానంలో వెళ్లి రోగులను చూసే ఏర్పాటు చేశాడు. బాగానే ఉంది. కాని జబ్బు చేసిందని డాక్టరుకు కబురు చేసేదెలా? ఆల్ఫ్రెడ్ ట్రెగర్ అనే ఆయన ఇందుకోసం కాళ్లతో తొక్కే రేడియోను తయారుచేశాడు. పాతకాలపు సైకిళ్లకు డైనమో ఉండేది. చక్రం తిరిగితే దీపం వెలిగేది. ఎందుకంటారా? తీగచుట్ట పక్కన అయస్కాంతం తిరిగినట్లయితే ఆ తీగలో విద్యుత్తు పుడుతుంది. ట్రెగర్ రేడియోలోనూ అంతే. కుర్చీలో కూర్చుని సైకిలు తొక్కినట్టు తొక్కితే, ఆ విద్యుత్తుతో కబురు వందల కిలోమీటర్లు పోయేది.

అడిలేడ్ మీత్కె అనే ఆమె బడులు తనిఖీ చేసే అధికారిగా పనిచేసింది. అక్కడి పిల్లలు కొత్తవాళ్లతో మాట్లాడటానికి బిడియపడటం ఆమె గమనించింది. “డాక్టరును పిలవటానికి పనికివచ్చే రేడియో పాఠానికి మాత్రం ఎందుకు పనికిరాదు?” అన్నది ఆమె ఆలోచన. ఆ ఆలోచన ఫలించి, 1951 జూన్ 8న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో “గాలిలో బడి” మొదలైంది.

ఆ రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారంతా వినవలసిందే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినిపించదు. కనుక వంతు కోసం ఆగటం, వచ్చినప్పుడు స్పష్టంగా చెప్పటం ఆ పిల్లలకు అలవాటయింది. ఇప్పుడు రేడియో పోయి, ఉపగ్రహం ద్వారా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చదువుకునే వీలు వచ్చింది. ఆ ఒక్క బడి పరిధి సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో నాలుగోవంతు రావు!

ఇంతకూ ఈ బడిలో అసలు గొప్ప రేడియోదీ కాదు, ఉపగ్రహానిదీ కాదు. టీచరు గొంతు వినపడేది రోజులో కొంతసేపే. మిగతా వేళంతా బిడ్డ పక్కన కూర్చుని చదివించేది ఇంటివాళ్లే. చాలా ఇళ్లలో ఆ పని తల్లిది. తన బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో, ఏది ఇట్టే పట్టుకుంటున్నాడో ఆమెకు స్వయంగా తెలుస్తుంది. నలభైమంది ఉన్న తరగతిలో మాష్టారు ఎంత మంచివాడైనా ప్రతి పిల్లవాడి పక్కనా అంతసేపు కూర్చోలేడు గదా!

మనకూ అటువంటి కాలం వచ్చింది. 2020 మార్చిలో కరోనా కారణంగా బడులన్నీ మూతపడ్డాయి. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి చానళ్లలో పాఠాలు వచ్చాయి. కొందరికి ఫోనులో వచ్చాయి. ఫోను లేక, ఉన్న ఒక్క ఫోనూ అన్నదమ్ములకు చాలక ఇబ్బందిపడినవాళ్లు ఎందరో. ఆ కష్టం చిన్నది కాదు. ఆటస్థలమూ, స్నేహితులూ టీవీలో నుంచి ఊడిపడరు. ఈ మాట కూడా నిజమే.

కాని ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో ఒక మంచి జరిగింది. బిడ్డ ఏం చదువుతున్నాడో అమ్మా నాన్నా పక్కన కూర్చుని విన్నారు. భిన్నాలు పుస్తకంలో అర్థంకాని పిల్ల, అమ్మ రొట్టెను నాలుగు ముక్కలు చేసి చేతిలో ఒకటి పెట్టేసరికి పావు అంటే ఏమిటో తెలుసుకున్నది. విత్తనం మొలకెత్తే పాఠం వచ్చిననాడు తాతయ్య పెరట్లోకి తీసుకుపోయి చిక్కుడు గింజ నాటించాడు.

“మా అమ్మకు చదువు రాదే!” అని మీలో ఎవరైనా అంటారేమో. రానక్కరలేదు. “ఇవాళ ఏం నేర్చుకున్నావు? నాకూ చెప్పు” అని అడిగితే చాలు. ఎదుటివారికి చెప్పబోయినప్పుడే మనకు ఏది వచ్చో, ఏది రాదో బయటపడుతుంది. చెప్పినకొద్దీ పాఠం గట్టిపడుతుంది. వినే అమ్మ కూడా మాష్టారే!

బడులు తెరిచారు, మీరంతా మళ్లీ గంట వింటున్నారు. సంతోషం. అయితే ఇంటికి వచ్చిన ఆ బడిని మాత్రం పంపించివేయకండి.

ఈ నెల మీకొక పని. రోజూ రాత్రి అన్నం తిన్న తరువాత పది నిమిషాలు మీరు మాష్టారు, ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలు. ఆనాడు బడిలో విన్న ఒక్క సంగతి వాళ్లకు చెప్పండి. వాళ్లు వేసిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే చిన్నబోకండి. ఆ ప్రశ్న కాగితం మీద రాసుకుని, మర్నాడు మీ టీచరుగారిని అడగండి.