గురుతులు చెప్పేముందు నేలను చూద్దాం

ఎక్కడ వరద వచ్చినా, ఎక్కడ భూమి కంపించినా ‘అంత్యదినాల గురుతులు’ అనేస్తాం. ఆమెన్ చెప్పి ఇంటికి వెళ్తాం. ఆ నేలకు ఏమవుతోందో వెళ్లి కొలిచేవారిని మాత్రం మన ప్రార్థనల్లో తలచుకోం.

అలాస్కా, కెనడా, సైబీరియాలలో ఏళ్ల తరబడి, కొన్నిచోట్ల వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల ఉంది. పర్మాఫ్రాస్ట్ అంటారు. అదిప్పుడు కరుగుతోంది. గాలిలో ఉన్న కార్బన్‌కు దాదాపు రెట్టింపు ఆ నేలలో దాగి ఉందని శాస్త్రవేత్తల అంచనా. నేల కరిగితే పాత మొక్కల అవశేషాలు కుళ్లి, అది కార్బన్ డయాక్సైడుగా, మీథేనుగా పైకి వస్తుంది.

దీన్ని కొలిచే పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. వేసవి చివర సన్నని ఇనుప కడ్డీని నేలలోకి దించుతారు. గడ్డకట్టిన పొర తగిలి ఆగినచోట లోతు రాసుకుంటారు. 10 మీటర్లు జరిగి మళ్లీ దించుతారు. 100 మీటర్ల చదరంలో అలా 121 చోట్ల! మరుసటి ఏడు మళ్లీ అక్కడే. 1991లో మొదలైన ‘కామ్’ అనే అంతర్జాతీయ పరిశీలన చాలాచోట్ల ఇలాగే సాగుతోంది. దోమలు ముసురుతుంటాయి, కాళ్లకింద బురద. పైనున్న నాచును తొక్కి పాడుచేస్తే కింది నేల మరింత కరుగుతుంది గనుక, పరిశోధన జరిగే చోట చెక్కబల్లలు పరిచి వాటిమీదే నడుస్తారు. కొలవడానికి వెళ్లి పాడుచేసి రాకూడదని అంత జాగ్రత్త. సేవకని ఊళ్లకు వెళ్లే మనలో ఎందరికుంది అది?

2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలయ్యాక రష్యాతో కలిసి చేసే పరిశోధన చాలావరకు నిలిచిపోయింది. ఆర్కిటిక్‌లోని ఇలాంటి నేలలో సగానికి పైగా ఉన్నది ఆ దేశంలోనే.

అలాస్కా నైరుతి భాగంలో 1885లో మొరేవియన్ మిషనరీలు వెళ్లి నిలిచిన ఊరి పేరు బేతేలు. ఆ ప్రాంతంలోనే కాంగిగనాక్ అనే యూపిక్ గ్రామం ఉంది. నేల కరిగి పాత సమాధులు కుంగిపోవడంతో, అక్కడివారు చనిపోయినవారిని పూడ్చడం మాని, నేలమీదే పెట్టెల్లో ఉంచుతున్నారు. తల్లిని పూడ్చుకోవడానికి గట్టినేల లేని మనిషి ఎదుట నిలబడి గురుతుల ప్రసంగం చేయడం మాకైతే సబబుగా తోచదు. సమాధి ఎక్కడ తవ్వవచ్చో, ఇల్లు ఎక్కడ నిలుస్తుందో అతడు అడుగుతాడు. జవాబు చెప్పగలిగేది ఏటేటా ఆ నేలను కొలిచి రాసుకున్నవారే.