యూరియా కోసం ఇచ్చిన నంబరు

యూరియా బస్తా కోసం లైన్లో నిలబడతాం. మెషీన్ మీద వేలు పెడతాం. ఫోన్ నంబరు అడిగితే చెబుతాం, ఓటీపీ అడిగితే అదీ చెబుతాం. చెప్పకపోతే బస్తా రాదు కాబట్టి చెబుతాం. వారం తిరక్కుండానే ఫోను మోగడం మొదలవుతుంది. దిగుబడి రెట్టింపు చేసే మందంటూ ఒకరు, ట్రాక్టరు లోనంటూ ఇంకొకరు, బంగారం తాకట్టుకు ఇంటికే వస్తామంటూ మరొకరు. మన సంఘ సభ్యుడొకరికి మిరప తోటకు నీళ్లు పెడుతుండగా ఒక్క పూటలో ఆరు ఫోన్లు వచ్చాయి. ఆయన పేరు, ఊరు, వేసిన పంట కూడా వాళ్లకు తెలుసు. నంబరు ఎక్కడిదని అడిగితే "మీరు ఒప్పుకున్నారు కదండీ" అన్నారట. ఎప్పుడు ఒప్పుకున్నాడో ఆయనకే తెలియదు.

దీన్ని ఒప్పుకోవడం అనరు. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అనదు. సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా, ఫలానా పనికని తెలిసి ఇచ్చినదై ఉండాలని ఆరో సెక్షన్ చెబుతోంది. ఏడో సెక్షన్‌లో ఒక ఉదాహరణ కూడా ఉంది. మందుల షాపులో (మన పురుగుమందుల షాపు కాదు, జబ్బు చేస్తే వెళ్లేది) ఒకామె రసీదు ఫోనుకు పంపమని నంబరు ఇస్తే, రసీదు పంపడానికి దాన్ని వాడుకోవచ్చు. ఆ పని వరకే. ఎరువుల షాపుకు వేరే న్యాయం ఎందుకుంటుంది? పైగా సమ్మతి అడిగే కాగితం తెలుగులో కావాలంటే తెలుగులో ఇవ్వాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. వివాదం వస్తే, సమ్మతి సక్రమంగా తీసుకున్నామని రుజువు చేసుకోవలసింది వాళ్లే.

రాత బాగానే ఉంది. అమలు మాటేమిటి? నియమాలు రావడానికే 2025 నవంబరు అయింది. అప్పుడు కూడా సమ్మతి సెక్షన్లకు మరో 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. కంపెనీలు సర్దుకోవడానికట! మన పంట రుణానికి ఇలాంటి గడువు ఏ బ్యాంకు ఇచ్చింది?

అసలు అన్యాయం ఇంకోటుంది. తప్పు చేసిన కంపెనీకి పడే జరిమానా మొత్తం కేంద్ర ఖజానాకు పోతుంది. నష్టపోయిన రైతుకు పైసా రాదు. పాత ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌లో నష్టపరిహారం మాటైనా ఉండేది, దాన్నీ ఈ చట్టం ఎత్తేస్తోంది. రైతు చేసిన ఫిర్యాదు అబద్ధమనో, పసలేనిదనో తేలితే మాత్రం అతనికే 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

రైతు రిజిస్ట్రీ పేరుతో ఇప్పుడు మన భూమి వివరాలు, ఆధార్, ఫోను నంబరు ఒక్కచోటికి చేరుతున్నాయి. అందుకే 2027 దాకా ఆగలేం. సబ్సిడీకి ఇచ్చిన నంబరును అమ్మకాలకు వాడకూడదని రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు ఇప్పుడే ఉత్తర్వులివ్వాలి. ప్రచారానికి సమ్మతి కావాలంటే తెలుగులో విడిగా అడగాలి. వద్దన్నవాడికి కూడా బస్తా ఇవ్వాలి. పరిహారం సెక్షన్‌ను కేంద్రం ఉంచాలి.

ఈలోగా 1909కు ఫోన్ చేసి ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపించుకోండి. ఆపించాక కూడా వస్తే అదే నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయండి. వాట్సాప్‌లో వచ్చేవాటికి 1909 పనిచేయదు, వాటిని చెరపకుండా ఉంచండి. ఏ రోజు, ఏ నంబరు నుంచి, ఏం అమ్మజూపారో రాసి మండల కమిటీకి ఇవ్వండి. వ్యవసాయ అధికారి ముందు పెట్టడానికి మాకు ఆ కాగితాలు కావాలి.