నడిమి ఇంటి రాబడి ఎంత?

ద్రాక్షారామం: జిల్లా తలసరి ఆదాయం ఇంత పెరిగింది, అంత పెరిగిందని ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ అంకెతో తమ ఇంటి లెక్కను పోల్చుకోగలిగిన వారు మన పల్లెల్లో ఎందరు? జిల్లాలో తయారైన సరుకు, సేవల విలువంతా కలిపి జనాభాతో భాగిస్తే వచ్చే అంకె అది. రొయ్యల చెరువుల రాబడి, మిల్లుల రాబడి, కౌలురైతు ధాన్యం అన్నీ ఒకే రాశిలో పడతాయి.

ఒక వీధిలో 11 ఇళ్లు ఉన్నాయనుకుందాం. పది ఇళ్లకు నెలకు 9 వేలు, 10 వేలు, 11 వేలు, ఇలా 18 వేల దాకా వస్తోంది. పదకొండవది చెరువుల ఆసామి ఇల్లు, నెలకు 3 లక్షలు. వీధి సగటు 39 వేల 500 పైనే తేలుతుంది. తక్కిన పది ఇళ్లలో ఒక్కటీ అందులో సగానికైనా చేరలేదు! అదే ఇళ్లను రాబడి వరుసలో నిలబెట్టి సరిగ్గా నడుమనున్న ఆరో ఇంటిని అడిగితే 14 వేలని చెబుతుంది. లెక్కల పుస్తకాల్లో దీనిని మధ్యగతం అంటారు. ఊరి సంగతి తెలియాలంటే కావలసినది ఈ నడిమి ఇంటి అంకే.

అయితే దానిని రాబట్టడం తేలిక కాదు. కౌలురైతుకు నెలసరి ఆదాయమన్నది లేదు. సార్వా ధాన్యం ఒకసారి, దాళ్వాకు నీరందితే మరొకసారి. ఎకరాకు 30 బస్తాలు పండి 12 బస్తాలు కౌలుకు పోయాయనుకోండి. మిగిలిన 18 బస్తాల్లోంచి దమ్ము, ఎరువు, కోత ఖర్చులు, అప్పు మీద వడ్డీ తీసేసిన తర్వాతనే అది ఆదాయం. పండినదంతా రాబడిగా రాసుకుంటే పేదవాడు కలవాడైపోతాడు. ఇంట్లో తిండికి ఉంచుకున్న గింజలు వదిలేస్తే ఉన్నదీ లేనట్టవుతుంది. కువైట్‌లో పనిచేసే ఆడకూతురు పంపే డబ్బు ఏ ఇంటి లెక్కలో వేయాలి? ఒక పొయ్యి మీద వండుకు తినేవారంతా ఒక ఇల్లు అన్నది జనాభా లెక్కల పద్ధతి. ఆమె పంపినది ఏ పొయ్యికి చేరితే ఆ ఇంటిది.

ఢిల్లీ వారికీ ఇది కొరుకుడు పడలేదు. జాతీయ నమూనా సర్వే వారు 1950లు, 60లలో ప్రయోగాత్మకంగా ఇంటి ఆదాయం అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం కంటె వారి ఖర్చు, పొదుపు కలిపితే ఎక్కువ తేలింది! దాంతో ఆపేశారు. 2026లో దేశమంతటా ఇంటి ఆదాయాల సర్వే చేస్తామని 2025 జూన్‌లో ప్రకటించారు. దేశవ్యాప్త నమూనాలో ఒక మండలానికి దక్కే ఇళ్లు ఎన్ని? దానితో మన ఊరి అంకె తేలదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలోని టెక్సాస్‌లో లవింగ్ అనే కౌంటీ ఉంది. 2020 లెక్కల్లో అక్కడి జనం 64 మంది. అలాంటి చిన్నచోట్లకు అక్కడివారు అయిదేళ్ల సర్వేలు కలిపి అంచనా కడతారు. పక్కనే తప్పు ఎంతవరకు ఉండవచ్చునో కూడా అచ్చు వేస్తారు. మన కాగితాల్లో ఆ రెండవ అంకె ఎన్నడూ కానరాదు.

ఇక్కడ ఆ అంచనా మీదనే బియ్యం ఆధారపడి ఉంది. 2019లో మన రాష్ట్రంలో బియ్యం కార్డుకు గ్రామాల్లో నెలకు 10 వేల హద్దు పెట్టారు. మాగాణి మూడెకరాలు దాటరాదు, కరెంటు 300 యూనిట్లు మించరాదు అన్నారు. ఆదాయం తెలియదు గనుక పొలం, మీటరు చూసి ఊహించడమన్నమాట. ఒకే మీటరు మీద రెండు కాపురాలున్న ఇళ్లు మన పల్లెల్లో తక్కువా? పాసుపుస్తకం భూస్వామి పేర, సాగు మరొకరిది. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా ఒప్పందం మీద ఆసామి సంతకం కావాలి. సంతకం పడని కౌలుదారు ఏ లెక్కలోనూ ఉండడు.

భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. అఖండ దీపానికి ఎవరు ఎన్ని గొర్రెలు, ఎన్ని మాడలు ఇచ్చినదీ రాతి మీద చెక్కించారు. ఇచ్చినవారి లెక్క పదిలంగా ఉంది, ఆ గొర్రెలు కాసినవాడి రాబడి మాత్రం ఎవరూ రాయలేదు.

గ్రామ సచివాలయాలు 2019 నుంచి ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు, సార్వా కుప్ప నూర్చాక ఒకసారి, దాళ్వా అయ్యాక ఒకసారి, ప్రతి ఊళ్లో చీటీలు తీసి అరవై ఇళ్లకు వెళ్లవచ్చు. ఆదాయమెంత అని ఒక్కమాటలో అడిగితే ఎవరూ చెప్పరు. ఎన్ని బస్తాలు పండాయి, కౌలుకెన్ని పోయాయి, కూలి ఎన్నాళ్లు దొరికింది, కిరాణా ఖాతా ఎంత అని విడివిడిగా అడగాలి. పేర్లు బయటపెట్టకూడదు. ఈ జవాబులతో ఎవరి కార్డూ తీసివేయబోమని ముందే రాసి ఇవ్వాలి. ఆ హామీ లేనిదే నిజం చెప్పేవారు ఉండరు, చెప్పనందుకు వారిని తప్పు పట్టలేం కూడా. వచ్చిన నడిమి అంకెను, దాని పక్కన తప్పు మేరను, గ్రామసభలో చదివి పంచాయతీ బోర్డు మీద రాయించే పని రానున్న సార్వా నుంచే మొదలుపెట్టాలని మండల అధికారులను కోరుతున్నాం.