తెర వెనుక

1905లో కలకత్తాలో స్వదేశోద్యమము మొదలైన ఆగస్టు 7వ తేదిని 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు గదా. ఆ సందర్భమున మా నిర్మల్‌లో జరిగిన చీరల ప్రదర్శనమున మేమును వేదిక నెక్కితిమి.

తెర వెనుక ఒక్కటే అద్దము; పదిమంది స్త్రీలము. చీరలు అంగడివారివి, మరునాడు అమ్మవలసినవి. కావున పిన్నీసు గుచ్చరాదనిరి. కుచ్చెళ్లు బిగించి దోపుకొని, జారునేమోయను భయముతోనే నడచితిమి. పోచంపల్లి చీరతో మాత్రమొక సుఖమున్నది. నూలుకే ముడులువేసి రంగులద్ది నేయుదురు గనుక, తొందరలో తిరుగవేసి కట్టినను ఎవరికిని తెలియదు!

దీపములవానికి కూలి ముట్టినది, పందిరివానికి ముట్టినది. మాకు చప్పట్లు. మాలో నొకతె బీడీలు చుట్టునది, వేయింటికింతయని కూలి. ఆనాడు ఆకు, తంబాకు ముట్టక వచ్చినది. పొణికికర్ర బొమ్మకైనను మా ఊర వెల యున్నదే! ఆమెకు దినకూలియైన నియ్యరాదాయని నిర్వాహకుల నడిగితిమి. “ఇది గౌరవము గదమ్మా” అనిరి. గౌరవమును ఎసటిలో పోయలేము గదాయని వారితోనే అంటిమి. వచ్చు సంవత్సరము కూలి ముందుగా నిర్ణయింపనిచో వేదిక నెక్కమని పదుగురమును సంతకములుచేసి యిచ్చితిమి. ఆలోచింతుమని కాగితము మడిచి జేబులో పెట్టుకొనిరి.