సెకండ్ హ్యాండ్ హార్లే కొంటున్నారా? ఓడోమీటర్ కంటే ముందు మ్యాప్ చూడండి

యూజ్డ్ ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ హెల్త్, ఐఎంఈఐ, డిస్‌ప్లే చూస్తాం. తేడా వస్తే కొరియర్‌లో సర్వీస్‌కు పంపేస్తాం. అదే లెక్కతో సెకండ్ హ్యాండ్ హార్లే డేవిడ్‌సన్ స్ట్రీట్ 750 కొనేద్దామనుకున్నా. అడ్వాన్స్ కట్టే ముందు ఆగిపోయా. 230 కిలోల పైన ఉన్న బండిని కొరియర్ చేయలేం కదా!

బండి మీద నాకే కంప్లైంట్ లేదు. 749 సీసీ వీ-ట్విన్ ఇంజిన్, లిక్విడ్ కూలింగ్. 2014లో లాంచ్ ధర ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 4.1 లక్షలు. కానీ 2020లో హార్లే ఇక్కడ సొంత అమ్మకాలతో పాటు హర్యానాలోని బావల్ ప్లాంట్ కూడా ఆపేసింది. ఆ అక్టోబర్‌లో ఒప్పందం కుదిరి సర్వీస్, పార్ట్స్ బాధ్యత హీరో మోటోకార్ప్ చేతికి వెళ్లింది. సపోర్ట్ ఉంది, కానీ మోడల్ ఆగిపోయింది. పార్ట్ కోసం ఎదురుచూడటానికి రెడీగా ఉండాలి.

ఇప్పుడు మ్యాప్ తీయండి. హార్లే పని తెలిసిన మెకానిక్ కోసం హైదరాబాద్ వెళ్లాలనుకుందాం. జనగామ నుంచి 85 కిలోమీటర్లే, వరంగల్ హైవే మీద పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మహబూబాబాద్, భూపాలపల్లి నుంచైతే 200కు అటూఇటూ. భూపాలపల్లి దగ్గర బొగ్గు టిప్పర్ల మధ్య బండి ఆగిపోతే, మన ఊరి మెకానిక్ అన్న ఎంత పనిమంతుడైనా డయాగ్నస్టిక్ టూల్ లేకుండా సెన్సర్ ప్రాబ్లమ్ ఎలా పట్టుకుంటాడు? ఇక ట్రాలీ ఆటో మాట్లాడుకోవడమే.

అందుకే నా ఒపీనియన్ ఇది. జనగామ వాళ్లు, ఇంట్లో ఇంకో బండి ఉంటే, ధైర్యం చేయొచ్చు. మిగతా రెండు చోట్ల ఒక్క బండితోనే నడిచేవాళ్లు వద్దు. క్రూజర్ మోజు తీరాలంటే 2023లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 యూజ్డ్‌లో వెతకండి. అదీ 241 కిలోలే, కానీ సర్వీస్ వరంగల్‌లోనే దొరుకుతుంది.

ఏది కొన్నా ఇవి మర్చిపోవద్దు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. టైర్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో కలవాలి. లోన్ ఉంటే ఫామ్ 35, బ్యాంక్ ఎన్‌ఓసీ తీసుకున్నాకే డబ్బులివ్వండి. వేరే రాష్ట్రం బండి చవగ్గా కనిపిస్తే, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూడండి.

ఆ మొత్తానికి రెండుసార్లు ట్రాలీ కిరాయి కూడా కలపండి. అప్పటికీ మనసు ఆగకపోతే, కొనేయండి!