సున్నం పొట్లం, చిట్టెలుక కన్ను

ఈ వారం వంట సంగతి పక్కన పెట్టి కంటి సంగతి రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పోయిన నెల మా పక్కింట్లో జరిగింది. ముసలమ్మ ఆకు వేసుకుని సున్నం పొట్లం మంచం మీదే వదిలేసింది. నాలుగేళ్ల మనవడు దాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా నొక్కాడు. ప్లాస్టిక్ పొట్లం కదా, టప్పున పగిలి సున్నమంతా కుడికంట్లో పడింది. అరుపు విని నేను పోయేసరికి ముసలమ్మ "వెన్నపూస పెట్టుండ్రి, సల్లగయితది" అంటోంది. కోడలు ఆటో కోసం రోడ్డు మీదికి ఉరుకుతోంది. నేను ఇద్దరి మాటా వినలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయాను. సున్నం పడిన కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, ఆ నీళ్లు మంచి కంట్లోకి పోకుండా, రెప్ప ఎత్తిపట్టి కడిగాను. రెప్ప కింద నుంచి సున్నం పలుకులు వస్తూనే ఉన్నాయి. గడియారం చూసి అరగంట కడిగాను. వాడు నన్ను కొరికాడు కూడా. ఆ తర్వాతే ఆటో ఎక్కించాం.

అంత ధైర్యం ఎక్కడిదంటారా? అది ధైర్యం కాదమ్మా, భయం. మా వారు పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. కొన్నేళ్ల కింద ఆయనతో పనిచేసే ఒకతని కంట్లో కాస్టిక్ సోడా చిందింది. ఒకరు రుమాలుతో తుడిచారట, ఒకరు వ్యాను తెమ్మన్నారట. కడిగే సరికి చాలాసేపయింది. కాస్టిక్ సోడా నూనెలో కలిస్తే సబ్బవుతుందని మీకు తెలుసు కదా. కంటి కణాల పైపొరలోనూ కొవ్వే ఉంటుంది. దాన్నీ అలాగే కరిగించేస్తుంది. యాసిడ్ పడితే కంటి పొర పైపైన గడ్డకట్టి కొంతవరకు తనే అడ్డుగోడ అవుతుంది. సున్నం, కాస్టిక్ లాంటివి అట్లా ఆగవు, లోపలికి పోతూనే ఉంటాయి. అందుకే మొదటి నిమిషంలో పోసిన నీళ్లకున్న విలువ తర్వాత వేసే ఏ మందుకీ లేదు.

అతనికి ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది. కానీ కొన్ని నెలల్లో నల్లగుడ్డు మీదికి తెల్లటి పొర పాకింది, దానిలో ఎర్రటి నరాలు. అందరం శుక్లం అనుకున్నాం. డాక్టర్లు మాత్రం "ఇది శుక్లం కాదు, కంటి అంచులో మూలకణాలు చచ్చిపోయాయి" అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయి శెలవులకి వచ్చినప్పుడు కూచోబెట్టి అడిగాను.

మీరూ ఒకసారి అద్దంలో చూసుకోండి. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే చోట చీరకి అంచులాగా గుండ్రటి గీత ఉంటుంది. మూలకణాల కాపురం అక్కడే. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పైపొర రోజూ కొంచెం కొంచెం అరిగి రాలిపోతుంది. ఈ అంచులోంచే కొత్త కణాలు పుట్టి వస్తాయి. మనం రోజూ పెరుగు తోడు పెట్టుకుని, రేపటికని గరిటెడు దాచుకోమూ, మూలకణాలది అదే పని. పనిచేసే కణాలను పుట్టిస్తూనే తమలాంటి వాటిని కొన్ని దాచుకుంటాయి. ఆ తోడే పోతే ఎన్ని పాలున్నా పెరుగు కాదు. అప్పుడు తెల్లగుడ్డు చర్మం నల్లగుడ్డు మీదికి వచ్చి కప్పేస్తుంది.

మరి అవి అంచులోనే ఉన్నాయని ఎట్లా తెలిసింది? చిట్టెలుకల వల్ల! మనం ఎలుకలబోను పెట్టి పట్టేవే. 1989లో అమెరికాలో డాక్టర్ సన్, లావ్‌కర్ బృందం చిట్టెలుకల కణాలకు ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు ఎక్కడ ఎక్కువకాలం నిలుస్తుందో చూశారు. ఊరికే చీలే కణాల్లో గుర్తు పలచబడి పోతుంది, నెమ్మదిగా చీలే మూలకణాల్లో ఉండిపోతుంది. అది అంచులోనే ఉండిపోయింది.

నాకు ఇంకా నచ్చినది మేరీ లయన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త సంగతి. ఆడవాళ్లం మనకి ఎక్స్ క్రోమోజోములు రెండు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక్కో కణంలో ఒకటే మేలుకుని ఉంటుంది, రెండోది నిద్రపోతుంది. కొన్ని కణాల్లో అమ్మది నిద్ర, కొన్నింట్లో నాన్నది. ఆడ చిట్టెలుకల ఒంటి మీద మచ్చలమచ్చల రంగు చూసి ఆమె 1961లో ఈ మాట చెప్పారు. 2002లో ఎడింబరో శాస్త్రజ్ఞులు దీన్నే వాడుకున్నారు. నీలం రంగు తెప్పించే జన్యువును ఆడ చిట్టెలుకలో ఒక ఎక్స్ మీద పెట్టారు. ఆ ఎక్స్ మేలుకున్న కణాలకే నీలం వస్తుంది. చిన్న ఎలుక నల్లగుడ్డు మీద నీలం మచ్చలు చెల్లాచెదరుగా ఉన్నాయి. పెద్దదానికి మాత్రం అంచు నుంచి మధ్యకి సైకిలు చక్రం పుల్లల్లాగా చారలు! అంటే కణాలు అంచులో పుట్టి, వరసగా మధ్యకి నడుస్తున్నాయన్నమాట. మా అమ్మాయి ఆ బొమ్మ చూపిస్తే మన ముగ్గుల పుస్తకంలోదే అనుకున్నాను.

ఇక మన హైదరాబాదు సంగతి. సినిమాల ఎల్.వి.ప్రసాద్ గారి పేరు మీద డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన కంటి ఆసుపత్రి మీకు తెలిసే ఉంటుంది. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని అనే ఆమె రోగి మంచికంటి అంచు నుంచి కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, పాడైన కంటికి పెట్టారు. ఆ కణాలకు దాదిలాగా చిట్టెలుక కణాలను వాడారు. మనవాళ్లు 2001 నుంచి ఎలుక కణాల అవసరం లేకుండానే పెంచారు. దేని మీదనుకున్నారు? కాన్పులో మావితో పాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద! మనం పారేసే దాన్నే శుభ్రం చేసి, భద్రపరచి వాడతారు.

తర్వాత ప్రయోగశాల కూడా అక్కర్లేని పద్ధతి కనిపెట్టారు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ సయన్ బసు, అంతకుముందు సీసీఎంబీ డైరెక్టరుగా చేసిన బాలసుబ్రమణియన్ గారు తదితరులు 2012లో దాన్ని ప్రకటించారు. మంచికంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని మళ్లీ చిన్న చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి పొర పరచి దానిపై అతికిస్తారు. పక్కింటి నుంచి గరిటెడు తోడు తెచ్చుకున్నట్టు! 125 మందికి ఇలా చేస్తే 95 మందికి నిలిచిందని 2016లో రాశారు. వాళ్లలో 60 మంది పిల్లలే! మా వారి స్నేహితుడికి చేసింది కూడా ఈ పద్ధతే. పూర్వపు చూపు రాలేదు గానీ బస్సు మీద నంబరు చదువుతాడు, తన మనవరాల్ని గుర్తుపడతాడు.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. రెండు కళ్లూ కాలితే తోడు తెచ్చుకోవడానికి సొంత అంచు ఉండదు. ఇంకొకరి నుంచి తీసుకుంటే ఒళ్లు తిరస్కరించకుండా బలమైన మందులు వాడాలి. మూలకణాల పేరు చెప్పి అన్ని జబ్బులూ నయం చేస్తామని ప్రకటనలిచ్చేవాళ్లనీ నేను చూశాను. ఏది నిజంగా రుజువయిందో అడగకుండా పుస్తెలు తాకట్టు పెట్టకండి.

ఇంట్లో ఎవరికైనా కంట్లో సున్నం, కాస్టిక్, బాత్రూం యాసిడ్ పడితే నలపొద్దు, వెన్న, పాలు, నూనె వద్దు, కట్టు కట్టొద్దు. అరగంట ధారగా మంచినీళ్లు, ఆ వెంటనే కంటి డాక్టరు. పొట్లమో సీసానో వెంట తీసుకెళ్తే ఏం పడిందో ఆయనకి తెలుస్తుంది.

పక్కింటి పిల్లగాడి కంటి అంచు చాలావరకు దక్కిందన్నారు. కొన్ని వారాలు చుక్కలు వేశారు, ఇప్పుడు మళ్లీ గోడలు ఎక్కుతున్నాడు. ముసలమ్మ సున్నం స్టీలు డబ్బాలోకి మారి అటక మీదికి చేరింది. ఆకు వేసుకోవాలంటే ప్రతిసారీ కోడల్ని పిలవాలి, ఆ కోపమంతా ఆమెకు నా మీదే.