చేసినవాడెవడయ్యా?

మన బళ్ళలో రావణుడు చచ్చినన్నిసార్లు లంకలో కూడా చచ్చి ఉండడు. పిల్లవాడు లేచి ‘రామా కిల్డ్ రావణా’ అంటాడు. మేష్టారు ‘వాయిస్ మార్చు’ అంటారు. ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ అంటాడు వాడు. మార్కు పడిపోతుంది. ఎందుకు మార్చాలిరా అని ఆయన అడగరు, వీడూ అడగడు. చొక్కా తిరగేసి తొడుక్కోవడం నేర్పాం గాని, ఎప్పుడు ఏ చొక్కా తొడుక్కోవాలో నేర్పామా?

1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ఇప్పటికీ మన ఇళ్ళలో ఉంది. పుస్తకం మీద నాకు కోపం లేదు. అందులోని అభ్యాసాలను ఎక్కాల్లా వల్లె వేయించడం మీదే కోపం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు కూడా పెద్దపెద్ద పట్టభద్రుల్ని కూర్చోబెట్టి ఈ తిరగేయడమే అడుగుతున్నారు!

అసలు సంగతి మన నాలుక మీదే ఉంది. సైకిలు పోయినవాడు ‘నా సైకిలు ఎత్తుకుపోయారండీ’ అంటాడు. ఆ ‘రు’ ఎవరు? దొంగగారికి మర్యాదా? కాదు. ఎవరో తెలియదు కాబట్టి ఆ ‘రు’. ఇంగ్లీషువాడు అక్కడే ‘మై సైకిల్ వాజ్ స్టోలెన్’ అంటాడు. ఇంత చిన్న సంగతి చెబితే పిల్లవాడికి పాసివ్ వాయిస్ ఒక్క పూటలో ఎక్కుతుంది. అది మానేసి ‘నాచేత మామిడిపండు తినబడెను’ అని చెప్పిస్తున్నాం. ఏ ఇంట్లో ఏ నోరు అలా తిన్నదండీ?

టెన్సులూ అంతే. పన్నెండు గళ్ళ పట్టీ గీసి బట్టీ పట్టిస్తారు. ‘రేపు వస్తాను’, ‘రోజూ వస్తాను’ – మనకు రెంటికీ ఒకటే క్రియ. ఇంగ్లీషులో మొదటిది ‘విల్ కమ్’, రెండోది ఉత్త ‘కమ్’. మన ‘చూశాను’ అన్నిటికీ సరిపోతుంది. అందుకే ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ అంటాం. గడిచిపోయిన రోజు పేరు చెప్పాక ‘హావ్’ పనికిరాదు, ‘సా’ అనాలి. మరి ‘ఐ యామ్ హావింగ్ టు చిల్డ్రన్’ ఎక్కడిది? తెలుగులో ‘ఇద్దరు పిల్లలున్నారు’ అంటామే గాని ‘ఉంటూ ఉన్నారు’ అనం కదా! తెలుగు ఎక్కడ సాయపడుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చెప్పేవాడే మేష్టారు. పట్టీ గీయడానికి సుద్దముక్క చాలు.

‘ఇంతోటి గ్రామరుకి ఇంత రభసా?’ అంటారేమో. రభస మార్కుల కోసం కాదు. ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది: ‘యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ మిస్‌ప్లేస్డ్’. కాగితానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా? పోగొట్టినవాడు ఆ వాక్యం వెనకాల నక్కి కూర్చున్నాడు. పింఛను కోసం ఎదురుచూసే ముసలమ్మ ఎవర్ని నిలదీయాలి? ఇది గుమాస్తాల విద్యే అనుకోకండి. 1987 జనవరిలో అమెరికా ప్రెసిడెంటు రీగన్, ఇరాన్ వ్యవహారం గురించి కాంగ్రెసు ముందు మాట్లాడుతూ, ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. తప్పులు జరిగాయిట. ఎవరు చేశారు? ‘బై’ లేదు! వీలున్నచోట పాసివ్ వాడొద్దని జార్జ్ ఆర్వెల్ 1946లోనే ఒక వ్యాసంలో చెప్పాడు. ఆయన గోల రాజకీయుల భాష గురించే.

‘బై’ తగిలించి తిరగేయడం మాత్రమే నేర్చిన కుర్రాడు, ‘బై’ మాయమైనప్పుడు కనిపెట్టలేడు. అలాంటి ఉత్తరమే వాడి చేతికొస్తే, గ్రామరు సరిగ్గానే ఉందని సంతోషించి మడిచి జేబులో పెట్టుకుంటాడు.

కనుక ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నా మనవి ఒకటే. ‘వాయిస్ మార్చుము’ అన్న ప్రశ్న కొట్టేయండి. వాక్యమిచ్చి, ‘ఈ పని చేసినవాడెవడు? వాడి పేరు ఎందుకు చెప్పలేదు? తెలియకనా, అక్కర్లేకనా, దాచడానికా?’ అని అడగండి. అయిదు మార్కులివ్వండి. జవాబు రాయగలిగిన పిల్లవాడికి ఇంగ్లీషు వచ్చినట్టే. ఆఫీసు ఉత్తరాలు చదవడమూ వచ్చినట్టే.